చప్పుడు చెయ్యని మనుషులు

పలికాం కదా, అనుకుంది ఆమె. పిలిచిన వెంటనే పలికాం. "రేడియో ఆఫీసు ఆయన తాలూకు మనుషులెవరండీ?" అని ఆసుపత్రి కౌంటరు దగ్గరి అమ్మాయి కేకేస్తే "మేమేనమ్మా" అని తను అంది, పక్కన కొడుకు "ఇక్కడున్నామండీ" అన్నాడు, అటు చివర కోడలు చెయ్యి కూడా కాస్త ఎత్తింది. ఆ అమ్మాయి చూపు వాళ్ల మీదుగా పోయి, గోడని తాకి, వెనక్కి వచ్చి కాగితం మీద వాలింది. ఏదో గీత గీసి తరవాతివాళ్లని పిలిచింది. ఖాళీ కుర్చీల వరసని చూసినట్టు చూసింది. "అమ్మా, మనం రాలేదని రాసుకుంది" అన్నాడు కొడుకు. ఆ మాట కూడా ఎప్పటిలాగే పెదవుల మీదే అన్నాడు, అయినా ఆమెకి పొల్లు పోకుండా వినిపించింది. వాళ్లింట్లో వాళ్లకి అది వినిపిస్తుంది. బయటివాళ్లకి వినిపించదన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆమెకి తట్టలేదు.

కొడుకు లేచి వెళ్లి కౌంటరు ముందు నిలబడ్డాడు. లేచేటప్పుడు కుర్చీని రెండు చేతులా పైకెత్తి, వెనక్కి జరిపి, నేల మీద పెట్టాడు. ఇనుప కుర్చీ, బండలు పరిచిన నేల. పసిబిడ్డని పడుకోబెట్టినంత మెత్తగా పెట్టాడు. కౌంటరు అమ్మాయి ఫోనులో ఎవరితోనో మందుల లెక్క మాట్లాడుతోంది. వాడు ఆ అమ్మాయి తలెత్తుతుందేమోనని చూశాడు, గొంతు సవరించుకోబోయి మానేశాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "మళ్లీ పిలుస్తుందిలే" అన్నాడు. వాడికి ముప్పయ్యేళ్లు దాటాయి. వాడు చిన్నప్పుడు దగ్గొస్తే దిండులో మొహం దాచుకునేవాడు, ఎంత బుద్ధిమంతుడో అని చుట్టాలంతా మురిసిపోయేవాళ్లు. ఇప్పుడు ముందుకి వంగి కూర్చున్న వాడి వీపు చూస్తుంటే ఆమెకి ఆ దిండు గుర్తొచ్చింది. పక్క కుర్చీలో ఉన్న లావుపాటి ఆవిడ, బస్సు కండక్టరట, ఖాకీ చొక్కా మీదే వచ్చేసింది, ఇటు తిరిగి, "ఏమ్మా, పిలిచింది మిమ్మల్నే కదూ? పలకరేం?" అంది. "పలికామండీ." "ఆఁ?" "పలికాం." "అయ్యో రాత! పక్కనున్న నాకే వినపళ్లేదు. మీరుగాని నా బస్సెక్కి ఇలా స్టాపు పేరు చెప్పారో, అందరూ దిగిపోయాక డిపోలో తేలాల్సిందే!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఆమె భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. కోడలి భుజాలూ లేచాయి. కోడలి కాళ్ల దగ్గర, కుర్చీ కింద బొమ్మతో ఆడుకుంటున్న బుజ్జిది మాత్రం తలెత్తి, ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు కండక్టరు నోటి వైపు చూసింది. రాత్రిపూట మొదటిసారి రైలు దీపం చూసిన పిల్లలు అలా చూస్తారు.

బుజ్జిది ఆమె మనవరాలు. దానికోసమే వచ్చారు. కాదు, దాని తాతయ్య కోసం వచ్చారు. దాని కోసం ఆయన్ని తీసుకొచ్చారు అంటే సరిపోతుందేమో. మూడో ఏడు నడుస్తోంది పిల్లకి, ఇంకా మాట రాలేదు. పోయిన నెల మెట్ల మీంచి పడింది. పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే నోరు బార్లా తెరిచింది, కళ్లు మూసుకుంది, బుగ్గల మీద నీళ్లు ధారకట్టాయి, ఒళ్లంతా కదిలిపోయింది. చప్పుడు మాత్రం లేదు. వంటింట్లోంచి తను రావడానికి ఎంతసేపు పట్టిందో, ఆ పిల్ల ఎంతసేపు అలా ఏడ్చిందో దేవుడికే తెలియాలి. చూడకపోతే తెలియని ఏడుపు. గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు బంగారంలా ఉందన్నాడు. చెవులు మన చెవులకంటే నయమన్నాడు. డాక్టరు నవ్వాడు, వీళ్లెవరూ నవ్వలేదు. పిల్లల డాక్టరమ్మ మాత్రం బుజ్జిది ఆడుకుంటుంటే చాలాసేపు చూసింది. బొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని, జోకొట్టి, అరచెయ్యి దాని నోటి మీద మూసిపెట్టి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది పిల్ల. "ఇంట్లో ఎవరి నిద్ర చెడుతుందని ఈ జాగ్రత్త?" అని అడిగింది డాక్టరమ్మ. ఎవరి నిద్రా కాదమ్మా, అని తను చెప్పబోతే కోడలు అడ్డుపడి, "మా మామయ్యగారికి చప్పుడు పడదండీ" అంది. అంతే, ఒక్క మాట. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆ మాట బయటపెట్టింది అప్పుడే. అది విన్నాకే డాక్టరమ్మ ఆయన్ని చూపించమని ఈ మనసు జబ్బుల ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. ఇవాళ పొద్దున్న బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట కూడా అంది. "అత్తయ్యా, మీరు లోపలికెళ్లి అంతా మామూలే అని చెబితే నేనేమీ అనను. పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను, అంతే. పోట్లాడను కూడా. పోట్లాడ్డం మీ ఇంటికొచ్చాక మరిచిపోయాను."

ఏం చెప్పాలి లోపలికెళ్లి? పోయిన వారం వచ్చినప్పుడు పరీక్షలు చేసే అమ్మాయి, చదువుకున్న పిల్లే అయినా వినయంగా ఉంది, కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఇది జ్వరంలాగా బయట నుంచి వచ్చి పట్టుకునేది కాదమ్మా, అంది. అనుమానం, శుభ్రం, పట్టుదల, సుకుమారం, నలుగుర్లో కలవకపోవడం, ఇవి మీలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి, ఒకరిలో చిటికెడు ఒకరిలో దోసెడు. దోసెడు ఉన్నంత మాత్రాన జబ్బు అనం. ఆయన గుణాలేమిటో చూస్తాం, ఆ గుణాల మూలంగా ఆయన బతుకూ చుట్టూ ఉన్నవాళ్ల బతుకూ ఎంత ఇరుకైపోయిందో కూడా చూస్తాం. మొదటిది ఆయన్నడిగితే చెబుతారు. రెండోది ఆయనకి కనపడకపోవచ్చు, అందుకే మీరు కావాలి. మీరు రాకపోతే ఆయన చెప్పిందే రాసుకుని ముగించేస్తాం, మళ్లీ తేదీ దొరకడం కష్టం. అన్నీ విని ఆమె ఒక్కటే అడిగింది. "గుణం దేవుడిచ్చేదే కదమ్మా? దానికి మనం పేరు పెట్టొచ్చా?" ఆ పిల్ల, "దేవుడు ఎంత ఇచ్చాడో, మీ ఇంట్లో ఎంత పెరిగిందో, అది మీరే చెప్పాలి" అంది.

"మా తమ్ముణ్ణి తీసుకొచ్చా" అంటోంది కండక్టరు, ఎవరూ అడక్కుండానే. "వాడికి ఎవరి మీదా నమ్మకం లేదు. నా చేత్తో మంచినీళ్లిచ్చినా ముందు నన్నో గుక్క తాగమంటాడు. చిన్నప్పుడు అదో ముచ్చట మాకు, జాగ్రత్త గల పిల్లాడని. ఎవరేమిచ్చినా వాసన చూసేవాడు, కుక్కపిల్లలాగా. ఆ ముచ్చట ఎప్పుడు పోయిందో, ఎప్పుడు నేను భయపడ్డం మొదలుపెట్టానో, చెప్పమంటే చెప్పలేనమ్మా." ఆమె తలూపింది. నేనూ చెప్పలేను. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతూ, "పొద్దున్న నేను వీధి మలుపు తిరిగేసరికి నువ్వు నిట్టూర్చావు. దేని గురించి?" అన్నాడు. ఎంత పొంగిపోయిందో తను! స్నేహితురాళ్ల మొగుళ్లు కేకేసినా వినిపించుకోని మనుషులు, తన మొగుడు నిట్టూర్పు కూడా వినే మనిషి. అందరికీ చెప్పుకుంది. ఎంత అదృష్టవంతురాలివే అన్నారు. ఆ తరవాత మరోసారి అడిగాడు, మరోసారి. ప్రతిదానికీ సంజాయిషీ వెతుక్కోవడం కంటే నిట్టూర్చకుండా ఉండటం తేలికనిపించింది. తేలికే. అలవాటైతే ఏదైనా తేలికే.

రేడియో ఆఫీసులో ఆయన రికార్డింగు చూసేవాడు. నాటకం మధ్యలో చెయ్యెత్తి ఆపేసి, "ఎవరి చేతి గడియారమో టిక్కుమంటోంది, బయట పెట్టి రండి" అనేవాడట. పదిమంది ఉన్న గదిలో, గాజు అద్దం అవతల నుంచి. ఆయన కూర్చుంటే కార్యక్రమం కడిగిన ముత్యంలా వస్తుందనేవాళ్లు. ఉద్యోగం విరమించిన రోజు పై అధికారి మాలలు వేయించి, ఈ చెవులు రెండూ ఇక్కడ వదిలి వెళ్లండి మహాప్రభో అని దణ్ణం పెడితే హాలంతా గొల్లుమంది. అక్కడ అది విద్య. గుమ్మం దాటి ఇంట్లోకి వస్తే అదే చెవి, అదే మనిషి. ఎన్నడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు, ఆ మాట తను దేవుడి ముందు కూడా చెబుతుంది. చెంచా కింద పడితే నమలడం ఆపేవాడు. కళ్లు మూసుకునేవాడు. ఆ చప్పుడు లోపల ఎక్కడో అడుగంటేదాకా అలాగే ఉండేవాడు, అప్పుడు లేచి కంచం వదిలేసి వెళ్లేవాడు. తరవాత మాటలుండేవి కావు. ఒక పూటా, మూడు రోజులా, అది ఎవరికీ తెలిసేది కాదు. మొహంలో కోపం కూడా ఉండేది కాదు. కోప్పడితే బాగుండేది. కోపానికి తల వంచుకుంటే పోతుంది, దీనికి ఏం వంచాలి? ఇల్లంతా ఆయన మూసుకున్న రెప్పల మీద నడుస్తున్నట్టుండేది.

కానీ, ఇదీ చెప్పాలి కదా, కుర్చీ కాళ్లకి గుడ్డలు చుట్టమని ఆయన అడగలేదు. ఎవరు చుట్టారు? తనే. పాత దుప్పటి చింపి, నాలుగు కాళ్లకీ చుట్టి, దారంతో కుట్టింది. మడతబందులకి నూనె పోసింది తనే. గోడ గడియారంలో గంట పీకించింది తనే. కొడుక్కి దిండు చూపించింది తనే. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజున, మిగతా అత్తలు తాళాలు చేతికిస్తారు, తను గడియ దగ్గరికి తీసుకెళ్లి, "ఇదిగో అమ్మాయ్, ఇలా కాస్త పైకెత్తి వేస్తే చప్పుడు రాదు" అని నేర్పింది. అప్పుడా పిల్ల గలగలా నవ్వి, "మీరంతా దొంగల కుటుంబమా అత్తయ్యా?" అంది. ఆ నవ్వు ఆ ఇంట్లో ఆఖరిసారి ఎప్పుడు విన్నాను? గుర్తు రావడం లేదు. దీపం ఆరడం అందరూ చూస్తారు. ఇది నూనె తగ్గినట్టు తగ్గింది. మరి ఇందులో ఆయన గుణం ఎంత, నాది ఎంత? నన్నెవరైనా కూర్చోబెట్టి కొలుస్తారా? అణకువ గల మనిషని పుట్టింట్లో పేరు నాకు. అదీ దోసెడైపోయిందేమో, చిటికెడుండాల్సింది.

పోయినేడు పెళ్లిరోజున ఆయన ఆమెని గదిలోకి పిలిచి, పాత రికార్డింగు మిషను ముందు కూర్చోబెట్టాడు. ఆఫీసులో అవతల పారేస్తుంటే తెచ్చుకున్న మిషను. చెవులకి ఆయనే పెట్టాడు ఆ హెడ్‌ఫోను బిళ్లలు, జుట్టు చిక్కుకోకుండా నెమ్మదిగా సవరించి మరీ. "విను" అన్నాడు. విన్నది. ఏమీ లేదు. దూరంగా ఇసక జారుతున్నట్టు సన్నటి సుయ్. ఇంకాసేపు విన్నది. "ఏం వినిపించడం లేదండీ" అంది. "అదీ!" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా మొహం వెలిగిపోయింది. "నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. మన ఇల్లే. ఒక్క మరక లేదు చూడు. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం స్టూడియోలో కూడా ఎరగను." నిన్నా? నిన్న పొద్దుట్నుంచి తను వంట చేసింది, ఇల్లు తుడిచింది, బట్టలు పిండి ఆరేసింది, బుజ్జిదానికి తల దువ్వుతూ కథ చెప్పింది, కోడలితో కూర్చుని కూరలు తరిగింది. తనని తాను వెతుక్కుంది ఆ సుయ్‌లో. పోయినవాళ్ల ఫొటో మూటలో తన మొహం కోసం వెతుక్కున్నట్టు. లేదు. కోడలు లేదు. పిల్ల లేదు. అప్పుడు మిషనుకి బాగా దగ్గరగా ఏదో వినిపించింది, లయగా, తీరిగ్గా, లోపలికీ బయటికీ. ఊపిరి. ఎవరిదీ? ఆయనది. రోజంతా ఆ మిషను పక్కనే కూర్చున్నాడు. ఇంత ఇంట్లోనూ బతికున్న చప్పుడు అదొక్కటే. ఆమెకి అరికాళ్ల నుంచి చలి పుట్టుకొచ్చింది. "బాగుందండీ" అంది. ఆయన ప్రేమగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నిజంగానే ప్రేమగా. అదే మరీ చలి.

కండక్టర్ని పిలిచారు. "ఆఁ వస్తున్నా!" అని ఆవిడ పెట్టిన కేక వసారా ఆ చివర దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆవిడ వెళ్లిపోయాక కుర్చీల వరస మరీ ఖాళీ అయినట్టనిపించింది. పైన పంకా తిరుగుతోంది. ఎదురుగా చెక్క అడ్డుగోడ, దాని వెనక గదిలో ఆయనా, పెద్ద డాక్టరూ. ఆ పక్క గదిలో పరీక్షలమ్మాయి వీళ్ల కోసం చూస్తూ ఉంటుంది, లేదా చూడటం మానేసి కాగితాలు సర్దుకుంటూ ఉంటుంది. ఆమె కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. పెదవులు కదిలాయి. పైకి చదవడం మానేసి ఎన్నేళ్లయిందో. నోరు విప్పకపోయినా వింటాడన్న నమ్మకంతోనే కదా ఇన్నాళ్లూ అడిగింది, పిల్లకి మాటిమ్మని, ఆయన మనసు మెత్తబరచమని. వింటూనే ఉన్నావా తండ్రీ? లేక నువ్వూ ఆ కౌంటరు అమ్మాయిలాగే పిలిచి, మా వైపు చూసి, ఎవరూ పలకలేదని గీత గీసుకున్నావా? ఆ ఆలోచనకి తనే ఉలిక్కిపడి మనసులోనే లెంపలేసుకుంది. అయినా ఆలోచన పోలేదు, అక్కడే కూర్చుంది.

చెక్కగోడ వెనక డాక్టరు గొంతు ఏదో అడిగింది. తరవాత ఆయన గొంతు వచ్చింది. మెత్తగా, పొందికగా, వార్తలు చదివే మనిషి గొంతులా. "ఇబ్బందా? మా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు డాక్టరుగారూ. ప్రశాంతమైన ఇల్లు. కావాలంటే అడగండి, మా ఆవిడ ఈ గోడవతలే ఉంది. ఇదుగో, ఇప్పుడు ఊపిరి బిగబట్టింది."

బిగబట్టే ఉంది. ఎప్పటి నుంచి బిగబట్టిందో తెలియదు. వదిలితే ఆయనకి తెలుస్తుంది, వదలకపోయినా తెలుస్తోంది. డాక్టరు నవ్విన చప్పుడు వినిపించింది, మెచ్చుకోలుగా. అందరూ ఇలాగే మెచ్చుకుంటారు మొదట్లో. కొడుకు తల వంచుకున్నాడు. కోడలు ఆమె వైపు చూసింది, అడగటమూ కాదు, నిందించటమూ కాదు, సామాను సర్దుకోవడం అయిపోయినవాళ్ల చూపు.

"రేడియో ఆఫీసు ఆయన తాలూకూ! ఆఖరిసారి పిలుస్తున్నా! లేకపోతే ఫైలు పైకి పంపించేస్తున్నా!"

నోరు తెరిచింది. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. నాలుక కదిలింది, పెదవులు కలిశాయి, విడివడ్డాయి. కొడుకు "ఉన్నామండీ" అన్నాడు, వాడి పక్కన పంకా గాలికి ఊగుతున్న కాగితం అంతకంటే గట్టిగా చప్పుడు చేసింది. కౌంటరు అమ్మాయి చూపు మళ్లీ బయల్దేరింది, కుర్చీల మీదుగా, వాళ్ల మీదుగా, వాళ్లలోంచి. ఇలాగేనా ఆ మెట్ల కింద పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది? ఇంతసేపేనా? మోకాళ్ల మీద ఏదో బరువు పడింది. బుజ్జిది ఒళ్లోకి పాకి, నానమ్మ తెరిచిన నోటి వైపు కంగారుగా చూసి, చిన్న అరచెయ్యి చాచి ఆ నోటి మీద మూసిపెట్టింది. మెత్తగా, గట్టిగా. తరవాత చెక్కగోడ వైపు చూసింది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అది నేను నేర్పిన చెయ్యే. ఆమె ఆ చేతిని పట్టుకుని ముద్దు పెట్టుకుని పక్కకి తీసింది. పిల్లని దించి లేచింది. గొంతు ఇప్పుడప్పుడే రాదు, తెలుసు. వెనక్కి చెయ్యి పోనిచ్చి కుర్చీ పట్టుకుంది. అలవాటుగా రెండో చెయ్యి కూడా ఎత్తడానికి లేచింది, దాన్ని దింపేసింది. ఒంటి చేత్తో, ఒళ్లు బరువంతా వేసి, ఆ ఇనుప కుర్చీని బండల మీద బరబరా లాగింది.

ఎంత చప్పుడో! పళ్లు జివ్వుమన్నాయి. అందరూ తలలు తిప్పారు. కౌంటరు అమ్మాయి కలం ఆగిపోయింది. కొడుకు చేతులు చెవుల దాకా వెళ్లాయి. గోడవతల ఆయన మాట సగంలో తెగిపోయింది. అప్పుడా నిశ్శబ్దం వచ్చింది, ఆమె ఎరిగిన నిశ్శబ్దమే, నమలడం ఆగిపోయిన నిశ్శబ్దం, రెప్పలు మూసుకున్న నిశ్శబ్దం. ఇంతదూరం నడిచొచ్చి ఈ వసారాలో కూడా పరుచుకుంది. ఆమె దాని మధ్యలో నిలబడింది.

"ఏమైందండీ?" అని డాక్టరు అడిగాడు లోపల. "ఎవరో కుర్చీ లాగారు" అన్నాడు ఆయన. ఊపిరిని కూడా గుర్తుపట్టే మనిషి, చెవి పెట్టి, నిదానంగా, ఏమాత్రం సందేహం లేకుండా అన్నాడు. "మావాళ్లు కాదు."

"మేం వచ్చాం" అంది ఆమె కౌంటరు వైపు తిరిగి. గొంతు బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా వచ్చింది, అయినా వచ్చింది. "పొద్దున్నే వచ్చాం. రాశావే రాలేదని, అది కొట్టెయ్యమ్మా." ఆ అమ్మాయి తెల్లబోయి, "ఇక్కడే ఉన్నారా ఇంతసేపూ? వెళ్లండి, ఆ చివరి గది" అంది. ఆమె నడిచింది. ఆయన గది తలుపు దాటుతుంటే చెప్పుల చప్పుడు దాచడానికి కాళ్లు వాటంతటవే మునివేళ్ల మీదకి లేచాయి, వాటిని కిందకి దించుకుంటూ నడిచింది. వెనక నుంచి బరబరమని మళ్లీ ఆ చప్పుడు. తిరిగి చూసింది. బుజ్జిది. తన ఎత్తున్న కుర్చీ కాలు రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఆగింది, చెక్కగోడ వైపు చూసింది, మళ్లీ లాగింది. కోడలు ఆపబోలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, భుజాలు కదులుతున్నాయి.

చివరి గదిలో పరీక్షలమ్మాయి లేచి నిలబడి కుర్చీ చూపించింది. "రాలేదనుకున్నానమ్మా. మొదలుపెడదామా? సహజంగా ఆయన ఎలాంటి మనిషో చెప్పండి. మంచీ చెడూ, మీకు తోచినట్టు." మంచి మనిషి అన్న మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది, అది అబద్ధమూ కాదు. చెబుతుంది దాన్ని కూడా, దాని వరస వచ్చినప్పుడు. ఈ గది గోడ కూడా చెక్కదే, అవతల ఆయన కుర్చీ ఎంత దూరంలో ఉందో ఆమెకి తెలుసు. ఆమె ఊపిరి వదిలింది, బాగా పైకి వినిపించేలాగే వదిలింది.

"అంతకంటే ముందు ఇది రాసుకో తల్లీ" అంది. "ఇందాక ఆ కుర్చీ లాగింది నేను."